థండర్‌బర్డ్ రివ్యూ: విండోస్ మళ్ళీ ఎక్కించాక అక్క పాత మెయిల్స్ దొరికిన వైనం

ముందే చెప్తున్నా, ఇది థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఏమేం వచ్చాయి, థీమ్ బాగుందా, క్యాలెండర్ బాగుందా అని చెప్పే రివ్యూ కాదు, అవన్నీ ఎవరైనా రాస్తారు. కంప్యూటర్‌లో విండోస్ పీకేసి మళ్ళీ ఎక్కించాక ఏళ్ళ తరబడి దాచుకున్న మెయిల్స్ కనపడకుండా పోతే ఈ సాఫ్ట్‌వేర్ మనల్ని ఎంతవరకు ఒడ్డున పడేస్తుంది, అదొక్కటే నా రివ్యూ. ఎందుకంటే నేను దాన్ని పరీక్షించింది అలాగే, కావాలని కాదు, నా తెలివితక్కువతనం వల్ల.

కంప్యూటర్ మా అక్కది. స్లో అయిపోయింది రా, ఆన్ చేసి స్నానానికి వెళ్ళొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటోంది అంటే, దానికేముంది అక్కా నేను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేస్తా అని నేనే ఎగేసుకుంటూ వెళ్ళా. ఫోటోలు, డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ మీద ఉన్న చెత్త అంతా ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ కొట్టా. అప్పుడు అక్క అడిగింది కూడా, "ఒరేయ్, మరి నా మెయిల్స్?" అని. "మెయిల్స్ ఇంటర్నెట్‌లో ఉంటాయి అక్కా, కంప్యూటర్‌లో ఉండవు, లాగిన్ అవ్వగానే అవే వచ్చేస్తాయి" అన్నా. చాలా ధీమాగా అన్నా. ఇప్పుడు తలుచుకుంటే ఆ ధీమాకే ముందు ఒక్కటి పీకాలనిపిస్తుంది.

ఇన్‌స్టాల్ అయిపోయింది, కంప్యూటర్ పరిగెడుతోంది, అక్క మొహం వెలిగిపోతోంది. థండర్‌బర్డ్ డౌన్‌లోడ్ చేశా, పేరు, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టా, సర్వర్ సెట్టింగులన్నీ అదే వెతుక్కుని పెట్టేసుకుంది, ఇన్‌బాక్స్ తెరుచుకుంది. చూస్తే రెండు వారాల మెయిల్స్ ఉన్నాయి. అంతే. సెంట్ ఫోల్డర్ అయితే ఖాళీ, ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంకా దిగుతున్నాయేమో అని పది నిమిషాలు అలా చూస్తూ కూర్చున్నాం ఇద్దరం. దిగట్లేదు. అక్క ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయం వేసింది నాకు.

అసలు సంగతేంటంటే అక్క 2009 నుంచి వాడుతున్నది మెయిల్ తెచ్చుకునే పాత పాప్ పద్ధతి, ఇప్పుడు చాలామంది వాడే ఐమ్యాప్ కాదు. ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్‌లోనే, అంటే మెయిల్ కంపెనీ కంప్యూటర్‌లోనే ఉంటుంది, మన కంప్యూటర్‌లో కనపడేది దాని ప్రతిబింబం లాంటిది, అద్దం పగిలినా మనిషికేం కాదు. పాప్ అలా కాదు, సర్వర్ దగ్గరకి వెళ్ళి మెయిల్ తెచ్చుకుని కంప్యూటర్‌లో పెట్టేసుకుంటుంది, తర్వాత సర్వర్‌లో ఉన్నదాన్ని తీసేస్తుంది, లేదా మనం పెట్టిన గడువు వరకు ఉంచి తీసేస్తుంది. అక్క సెట్టింగ్‌లో ఆ గడువు 14 రోజులు. అందుకే సరిగ్గా రెండు వారాల మెయిల్స్ కనపడ్డాయి. ఇక పంపిన మెయిల్స్ సంగతి ఇంకా ఘోరం, పాప్‌కి పంపినవాటిని సర్వర్‌లో దాచడమనేదే తెలీదు, అవి పుట్టిందీ పెరిగిందీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే. అంటే 2009 నుంచి అక్క రాసిన ప్రతి మెయిల్ నేను ఇందాక పీకేసిన విండోస్‌లో ఉంది. అక్క ఇంట్లో కూర్చునే అనువాదాల పని చేస్తుంది, ఎవరికి ఏ డ్రాఫ్ట్ ఎప్పుడు పంపిందో చెప్పే రికార్డ్ అంతా ఆ సెంట్ ఫోల్డరే, వేరే పుస్తకం లేదు, ఎక్సెల్ షీట్ లేదు. ఎవరైనా "మీరు ఫలానాది పంపలేదండీ" అంటే ఆ పాత మెయిల్ తీసి మళ్ళీ పంపడం అక్క అలవాటు.

తర్వాత నేను చేసిన పని ఇంకా గొప్పది. కంగారులో నెట్‌లో వెతికితే మొదట కనపడ్డ రికవరీ సాఫ్ట్‌వేర్ ఒకటి, పేరు చెప్పను, ఫ్రీ అని పెద్దక్షరాలతో రాసుంటే దింపి అదే కంప్యూటర్‌లో, అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేశా. పోయిన ఫైల్స్ వెతకాల్సిన డిస్క్ మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయకూడదు, రాస్తే పాతది ఉన్న చోటే కొత్తది పడొచ్చు అన్నది నాకు తెలుసు, తెలిసీ చేశా, చేతులు వణుకుతున్నప్పుడు తెలిసినవేవీ గుర్తుండవు. మూడు గంటలు స్కాన్ చేసింది. వేల ఫైల్స్ దొరికాయంది, పేర్లు చూపించింది, సేవ్ నొక్కితే లైసెన్స్ కొనమంది. ఫ్రీ అంటే చూడ్డం వరకే ఫ్రీ అన్నమాట. తీసి అవతల పారేశా. అసలు నాకు ఆ స్కానే అవసరం లేదని ఆ రాత్రికి గానీ తెలియలేదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నేను పార్టిషన్‌ని, అంటే డిస్క్‌లో విండోస్ ఉండే భాగాన్ని, ఫార్మాట్ చేసి చెరపలేదు, పాత విండోస్ ఉన్న పార్టిషనే సెలెక్ట్ చేసి నెక్స్ట్ కొట్టా. అప్పుడొక మెసేజ్ వచ్చింది, ఇందులో పాత విండోస్ ఫైల్స్ ఉండొచ్చు, ఉంటే వాటిని విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరుపుతాం అని. చదవకుండా ఓకే కొట్టిన వేల మెసేజుల్లో అదొకటి, కానీ నా జీవితంలో నేను కొట్టిన అతి మంచి ఓకే అదే. సీ డ్రైవ్ తెరిస్తే ఆ ఫోల్డర్ అక్కడే ఉంది, పాత సీ డ్రైవ్‌లో ఉండే యూజర్స్, ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ మూడూ లోపల ఉన్నాయి. ఇంకో మాట, సీ డ్రైవ్ నిండుగా కనపడుతోందని అంతకు గంట ముందే డిస్క్ క్లీనప్ తెరిచా, ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ అన్న దాని పక్కన టిక్ పెట్టబోయి, అక్క పిలిస్తే లేచి వెళ్ళా. పిలవకపోయి ఉంటే ఈ రివ్యూ లేదు. అప్‌గ్రేడ్ చేసినవాళ్ళకైతే ఈ ఫోల్డర్‌ని విండోసే 10 రోజులకి తీసేస్తుంది, అందుకని ఇలాంటిది జరిగితే రేపు చూద్దాం, ఆదివారం చూద్దాం అనుకోకండి, ముందు ఆ ఫోల్డర్‌ని బయట ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి అప్పుడు ఊపిరి పీల్చుకోండి.

ఇక్కడి నుంచి థండర్‌బర్డ్ గొప్పతనం. ఈ సాఫ్ట్‌వేర్ తన సామాను మొత్తం ఒకే ఒక్క ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, దాన్నే ప్రొఫైల్ అంటారు. విండోస్‌లో అయితే యూజర్స్ లోపల మన పేరు, దాని లోపల యాప్‌డేటా, దాని లోపల రోమింగ్, దాని లోపల థండర్‌బర్డ్, దాని లోపల ప్రొఫైల్స్. యాప్‌డేటా దాచిపెట్టిన ఫోల్డర్, ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్ళి హిడెన్ ఐటమ్స్ టిక్ చేస్తే గానీ కనపడదు, చాలామంది ఇక్కడే ఏమీ లేదనుకుని వెనక్కి తిరిగిపోతారు. పాత యూజర్ ఫోల్డర్ కాబట్టి నీకు పర్మిషన్ లేదు అని కూడా అంటుంది, కంటిన్యూ కొడితే ఇస్తుంది. లోపల రెండు ఫోల్డర్లు, ఎనిమిది అర్థంలేని అక్షరాలు, డాట్, డీఫాల్ట్ అని ఒకటి, అలాగే ఇంకో ఎనిమిది, డాట్, డీఫాల్ట్ రిలీజ్ అని ఒకటి. మొదటిది తెరిస్తే దాదాపు ఖాళీ. గుండె మళ్ళీ ఆగింది. రెండోది ప్రాపర్టీస్ చూస్తే 11 జీబీ. అక్కడే కింద కూర్చుండిపోయా. ఇది తెలిసినవాళ్ళకి చిన్న విషయమే, 68వ వెర్షన్ నుంచి ఇలా రెండు ఉండటం మామూలు, సైజు ఎక్కువున్నదే అసలుది, కానీ ఆ టైంలో ఎవరూ చెప్పేవాళ్ళు ఉండరు కదా.

లినక్స్‌లో ఇదే ప్రొఫైల్ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే థండర్‌బర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది, మ్యాక్‌లో లైబ్రరీ లోపల. మీ కంప్యూటర్ ఇంకా బాగానే ఉంటే ఇదంతా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ పక్కనే ఓపెన్ ఫోల్డర్ బటన్ ఉంటుంది, నొక్కితే తిన్నగా తీసుకెళ్ళి అక్కడ నిలబెడుతుంది. ఇప్పుడే ఒకసారి నొక్కి చూడండి, మీ మెయిల్స్ ఎక్కడున్నాయో మీకు తెలీకపోవడం అనేది ఎంత విచిత్రమో తెలుస్తుంది.

సరే, ప్రొఫైల్ దొరికింది, దాన్ని కొత్త థండర్‌బర్డ్‌కి ఎలా తగిలించాలి? రెండు దారులు. కొత్త ప్రొఫైల్ ఫోల్డర్‌లో ఉన్నదంతా తీసేసి పాతదాన్ని అందులో పోయడం ఒకటి. నేను రెండోది చేశా, రన్ బాక్స్‌లో థండర్‌బర్డ్ డాట్ ఈఎక్స్ఈ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్, క్యాపిటల్ పి కొడితే ప్రొఫైల్ మేనేజర్ అని చిన్న విండో వస్తుంది, అందులో క్రియేట్ ప్రొఫైల్, చూజ్ ఫోల్డర్, మనం కాపీ చేసి పెట్టుకున్న ఫోల్డర్ చూపించి ఫినిష్. ఏ దారైనా థండర్‌బర్డ్ క్లోజ్ అయి ఉన్నప్పుడే ముట్టుకోవాలి, తెరిచి ఉండగా ఫైల్స్ మారిస్తే ఎవరిది వాళ్ళు రాసుకుంటారు, రెండూ చెడతాయి. ఇంకోటి, అదే విండోలో డిలీట్ ప్రొఫైల్ కొట్టినప్పుడు ఫైల్స్ కూడా తీసెయ్యనా అని అడుగుతుంది, అక్కడ అవును అంటే నిజంగానే తీసేస్తుంది, అది జోక్ కాదు. ఇంకా కొత్త థండర్‌బర్డ్ పాతదాని కన్నా తక్కువ వెర్షన్ అయితే ఈ ప్రొఫైల్ తెరవను అని మొండికేస్తుంది, అప్పుడు బలవంతం చేయకుండా కొత్త వెర్షన్ వేసుకోవడమే మేలు.

స్టార్ట్ కొట్టా. తెరుచుకుంది. అక్క అకౌంట్లు, ఫోల్డర్లు, ఫిల్టర్లు, సంతకాలు, అడ్రస్ బుక్, ఎడమ పక్క కాలమ్ వెడల్పుతో సహా నిన్న వదిలిన చోట వదిలినట్టే. పాస్‌వర్డ్ కూడా అడగలేదు, అవి కూడా ప్రొఫైల్‌లోనే లాగిన్స్ అనే ఫైల్‌లో ఉంటాయి, దాని తాళం కీ4 అనే ఇంకో ఫైల్‌లో ఉంటుంది, రెండూ కలిసి వస్తేనే పని చేస్తాయి, ఒకటి వదిలేసి ఒకటి తెస్తే లాభం లేదు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ అని ఒక తతంగం ఉంటుంది, ముందే ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకున్న బుద్ధిమంతులకి మాత్రమే అది పనికొస్తుంది. ఇక్కడ ఏ ముందుజాగ్రత్తా లేని మాలాంటి వాళ్ళకి కూడా ఫోల్డర్ ఉంటే చాలు. థండర్‌బర్డ్‌లో కూడా ఎక్స్‌పోర్ట్ మెనూ ఉందనుకోండి, ప్రొఫైల్‌ని జిప్ చేసి ఇస్తుంది, కానీ 2 జీబీ దాటితే నువ్వే కాపీ చేసుకో అంటుంది. మెయిల్స్ ఎక్కువున్నవాళ్ళకే బ్యాకప్ ఎక్కువ అవసరం, వాళ్ళకే అది పనికిరాదు. దీనికి అర స్టార్ కట్.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఇన్‌బాక్స్ మీద క్లిక్ చేస్తే సున్నా మెయిల్స్. ఫోల్డర్ ఉంది, పేరు ఉంది, లోపల ఏమీ లేదు. అక్క వెనక నుంచి చూస్తోంది. నేను ప్రొఫైల్‌లో మెయిల్ ఫోల్డర్ తెరిచి చూపించా, ఇన్‌బాక్స్ అనే ఫైల్ ఆరు జీబీ దగ్గర ఉంది, ఎక్స్‌టెన్షన్ ఏమీ ఉండదు దానికి, ఉత్త పేరే. దాని పక్కనే అదే పేరుతో ఎంఎస్ఎఫ్ అని ఎక్స్‌టెన్షన్ ఉన్న చిన్న ఫైల్ ఒకటి ఉంటుంది. పెద్దది పుస్తకం, చిన్నది విషయసూచిక. థండర్‌బర్డ్ మనకి చూపించేది విషయసూచికని చదివి. ఆ సూచిక చెడిపోతే పుస్తకంలో పేజీలన్నీ ఉన్నా ఖాళీ అంటుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, రిపేర్ ఫోల్డర్. కాసేపు తిరిగింది, ఆరు జీబీ కదా, తిరిగి తిరిగి మొత్తం వచ్చాయి, అరవై మూడు వేల చిల్లర మెయిల్స్. క్లోజ్ చేసి ఎంఎస్ఎఫ్ ఫైల్ డిలీట్ చేసినా అదే జరుగుతుంది, మళ్ళీ తెరిచినప్పుడు కొత్త సూచిక రాసుకుంటుంది. దయచేసి కంగారులో పెద్ద ఫైల్ డిలీట్ చేయకండి.

ఈ పెద్ద ఫైల్‌ని ఎమ్‌బాక్స్ అంటారు. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కాలం నాటి పద్ధతి, మెయిల్స్ అన్నీ ఒకదాని కింద ఒకటి ఉత్త టెక్స్ట్‌గా రాసుకుంటూ పోవడం, ప్రతి మెయిల్ మొదట్లో ఫ్రమ్ అనే పదంతో ఒక లైన్, అంతే. రహస్యం లేదు, తాళం లేదు, ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. థండర్‌బర్డ్ 1.0 వచ్చింది 2004 డిసెంబర్‌లో, మధ్యలో 2012లో దీన్ని తయారుచేసిన మొజిల్లా వాళ్ళు దీని మీద పని తగ్గించేస్తాం అన్నారు, అప్పుడు ఇక ఇది పోయినట్టే అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నా, 2020లో దీనికోసమే ఎంజెడ్ఎల్ఏ అని వేరే కంపెనీ పెట్టారు, 2023లో 115 వెర్షన్‌తో మొహం మొత్తం మార్చేశారు, విరాళాల మీదే నడుస్తోంది. ఇన్ని మలుపులు తిరిగినా లోపల అక్క 2009లో రాసిన మెయిల్ ఉన్న ఫైల్ పద్ధతి మాత్రం మారలేదు. రేపు థండర్‌బర్డే లేకపోయినా ఆ ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఫైల్ లాగానే తెరవచ్చు. నేను నాలుగు స్టార్లు ఇచ్చేది దీనికి.

దీని ఉపయోగం వెంటనే తెలిసొచ్చింది కూడా. అక్క అన్నీ చూసుకుంటూ చూసుకుంటూ, "ఇంతకుముందు పొరపాటున డిలీట్ చేసిందొకటి ఉంది రా, అదేమైనా దొరుకుతుందా" అంది. ఇందాక మాట్లాడని మనిషి ఇప్పుడు కొత్త కోరికలు కోరుతోంది. మామూలుగా అయితే నవ్వేసేవాణ్ణి. కానీ ఎమ్‌బాక్స్‌లో మనం డిలీట్ కొడితే మెయిల్ ఫైల్‌లోంచి పోదు, దాని మీద కొట్టేసినట్టు ఒక గుర్తు పడుతుంది అంతే, కాంపాక్ట్ అనే పని జరిగినప్పుడే నిజంగా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ గుర్తు ఎక్స్ మొజిల్లా స్టేటస్ అనే లైన్‌లో ఉంటుంది, చదివిన మెయిల్ అయితే 0001, చదివి డిలీట్ చేసింది అయితే 0009. అక్క అంతకుముందు కాంపాక్ట్ చేసిందో లేదో తెలీదు, చూద్దాం అని ఫైల్‌ని కాపీ తీసి, నోట్‌ప్యాడ్ ఆరు జీబీకి నోరెళ్ళబెడుతుంది కాబట్టి పెద్ద ఫైల్స్ తెరిచే ఎడిటర్ ఒకటి వేసి, ఆ మెయిల్‌లో ఉందని అక్క చెప్పిన తెలుగు మాట ఒకటి వెతికా. లేదు. ఇంకో మాట. లేదు.

ఇక్కడొక తమాషా ఉంది, తెలుగులో మెయిల్స్ రాసేవాళ్ళందరికీ పనికొస్తుంది. తెలుగు అక్షరాలు మెయిల్‌లో చాలాసార్లు అలాగే కూర్చోవు, పంపేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో రాసే బేస్64 అనే పద్ధతిలోకి మార్చేస్తారు, లేదా ఇంకో పద్ధతిలో ప్రతి అక్షరం ముందు ఈక్వల్ టు గుర్తులతో నిండిపోతుంది. కంప్యూటర్ అక్షరాల్ని కోడ్‌లుగా రాసుకునే యూటీఎఫ్ 8 పద్ధతిలో మన అక్షరాలన్నీ ఈ0, బీ0 అనో ఈ0, బీ1 అనో మొదలవుతాయి, వాటిని బేస్64లోకి మారిస్తే చాలా చోట్ల 4ఎల్‌సి, 4ఎల్‌జి అని పడుతుంది, అందుకని ఫైల్ తిప్పుతుంటే ఎక్కడైనా 4ఎల్‌సి 4ఎల్‌సి 4ఎల్‌జి అని జపం చేస్తున్నట్టు కనపడితే అది తెలుగు మెయిల్ అన్నమాట. ఎవరికీ తెలుగని తెలీదు, మనకి మాత్రం చూడగానే మనవాడే అని తెలిసిపోతుంది. అలాంటి మెయిల్‌లో మాట పట్టుకుని వెతికితే మాత్రం ఛస్తే దొరకదు. అందుకని పంపినవాళ్ళ ఐడీతో వెతికా, అది ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటుంది కదా, నాలుగోసారికి దొరికింది, 0009 అని ఉంది. ఆ మెయిల్ ఫ్రమ్ లైన్ దగ్గర నుంచి తర్వాతి మెయిల్ ఫ్రమ్ లైన్ ముందు వరకు కాపీ చేసి, 0009ని 0001 చేసి, వేరే చిన్న ఫైల్‌గా ఎక్స్‌టెన్షన్ లేకుండా సేవ్ చేసి, మెయిల్ లోపల, సర్వర్‌తో సంబంధం లేని లోకల్ ఫోల్డర్స్‌లో పడేసి థండర్‌బర్డ్ తెరిస్తే కొత్త ఫోల్డర్‌గా కనపడింది, లోపల ఆ ఒక్క మెయిల్, అటాచ్‌మెంట్‌తో సహా. ఆరు జీబీ ఫైల్‌లోనే మార్చి సేవ్ చేసే ధైర్యం నాకు లేదు, మీరూ చేయకండి.

మైనస్‌లు కూడా చెప్పాలి. ఇలా అన్నీ ఒకే ఫైల్‌లో ఉండటం వల్ల ఆ ఒక్క ఫైల్ చెడితే ఫోల్డర్ మొత్తం గోవిందా. ఏదో ఒక స్పామ్ అటాచ్‌మెంట్‌లో వైరస్ ఉందని యాంటీవైరస్ ఇన్‌బాక్స్ ఫైల్‌నే ఎత్తుకెళ్ళి క్వారంటైన్‌లో పడేసే ప్రమాదం ఉంది, అందుకే ప్రొఫైల్ ఫోల్డర్‌ని స్కాన్ నుంచి మినహాయించుకోమంటారు. ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫైల్ పెట్టే మెయిల్‌డిర్ పద్ధతి కూడా ఉంది గానీ దాన్నింకా ప్రయోగం లాగానే చూడాలి. అన్నిటికన్నా పెద్ద మైనస్, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు పాత ప్రొఫైల్ ఏమైనా ఉందా అని అది అడగనే అడగదు. డిస్క్‌లో పక్కనే విండోస్ డాట్ ఓల్డ్‌లో 11 జీబీ పెట్టుకుని కూడా, రండి కొత్త అకౌంట్ పెట్టుకోండి అని చిరునవ్వుతో ఖాళీ ఇన్‌బాక్స్ చూపిస్తుంది. పాప్, ఐమ్యాప్ రెండూ ఉన్న చోట ఐమ్యాప్‌నే ముందు పెడుతుంది, అది మంచిదే, కానీ నిన్నటిదాకా పాప్‌లో ఉన్న మనిషికి అదే పెద్ద షాక్. దీనికి మిగతా అర స్టార్.

మీది ఐమ్యాప్ అయితే మాత్రం ఈ గొడవేమీ లేదు, అకౌంట్ పెట్టగానే అన్నీ దిగుతాయి. ఒక్క సందర్భంలో జాగ్రత్త. పాత ప్రొఫైల్‌లో మెయిల్స్ ఉండి, సర్వర్‌లో మాత్రం ఏదో కారణంగా తుడిచిపెట్టుకుపోయి ఉంటే, ఆ ప్రొఫైల్‌ని నెట్ ఉండగా తెరవకండి. సర్వర్‌లో లేవు కదా అని ఇక్కడివి కూడా తీసేస్తుంది, అద్దం అన్నాగా. నెట్ తీసేసి తెరిచి, ముందు అన్నిటినీ లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసుకోండి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్ సాఫ్ట్‌వేర్ అవుట్‌లుక్ వాడేవాళ్ళైతే అది మెయిల్స్ దాచే పీఎస్‌టీ ఫైల్ వెతకండి, ఎక్కువగా డాక్యుమెంట్స్ లోపల అవుట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, ఓఎస్‌టీ అని కనపడితే అది సర్వర్ తాలూకు కాపీ, దాన్ని కొత్త అవుట్‌లుక్‌లో నేరుగా తెరవలేం. దాని గురించి ఇంతకన్నా చెప్పను, నేను దాన్ని వాడి చాలా ఏళ్ళయింది.

ఇక నాలా అదృష్టం లేక పార్టిషన్ ఫార్మాట్ చేసేసినవాళ్ళు. మామూలు హార్డ్‌డిస్క్ అయి, క్విక్ ఫార్మాట్ అయితే ఆశ ఉంది, కంప్యూటర్ వెంటనే ఆపేసి, డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్‌తో వెతకండి, పేరు చూసి ఫోటోలకే అనుకోకండి, అది నిజంగా ఉచితం, చివర్లో లైసెన్స్ అడగదు, కాకపోతే నల్ల తెర, అక్షరాలు, దొరికిన ఫైల్స్‌కి అసలు పేర్లు ఉండవు, కూర్చుని ఏరుకోవాలి. చిప్‌లతో పనిచేసే ఎస్ఎస్‌డీ రకం డిస్క్ అయితే మాత్రం చెప్పడానికి నోరు రావట్లేదు, ఫార్మాట్ చేసినప్పుడు ట్రిమ్ అనే కమాండ్ వెళ్తుంది, ఈ జాగాలో ఉన్నది ఇక అక్కర్లేదు అని, డిస్క్ లోపల లోపలే శుభ్రం చేసేసుకుంటుంది. అక్కది ఎస్ఎస్‌డీ. నేను ఫార్మాట్ కొట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేశా.

అన్నీ వచ్చాయనుకున్నాం గానీ ఒక అకౌంట్ ఇంకా ఖాళీగానే ఉంది, అక్క మొదట్లో వాడినది, 2009 నుంచి 2014 వరకు. రిపేర్ కొట్టినా సున్నానే, ప్రొఫైల్‌లో వెతికితే ఆ పేరుతో ఫోల్డరే లేదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో కింద లోకల్ డైరెక్టరీ అని ఒక లైన్ ఉంటుంది, ఎవరూ చూడరు, చూస్తే డీ డ్రైవ్‌లో పాత మెయిల్స్ అనే ఫోల్డర్ పేరుంది. డీ డ్రైవ్ తెరిస్తే అది నేను ఇన్‌స్టలేషన్‌కి వాడిన పెన్‌డ్రైవ్. ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు పెన్‌డ్రైవ్ డీ అనే అక్షరం తీసేసుకుంది, అసలు డీకి కాస్తా ఈ అనే అక్షరం పడింది, థండర్‌బర్డ్ పాపం పాత అడ్రస్‌కే వెళ్ళి తలుపు కొడుతోంది. పెన్‌డ్రైవ్ పీకేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్ళి ఆ డ్రైవ్‌కి మళ్ళీ డీ అని పేరు పెట్టి తెరిస్తే అయిదేళ్ళ మెయిల్స్ బిలబిలమంటూ వచ్చేశాయి. మరి అక్కడ ఎవరు పెట్టారు? అక్కకి ఈ సెట్టింగులేవీ తెలీవు, నేను పెట్టలేదు.

రాత్రి రెండింటికి అక్క ఆ పాత అకౌంట్‌లో ఏవేవో చదువుకుంటూ కూర్చుంది, నేను అక్కడే సోఫాలో పడుకుండిపోయా. పొద్దున్నే నా ఫోన్‌కి అక్క నుంచి ఒక మెయిల్ వచ్చి ఉంది, తనేమీ రాయలేదు, 2014లో మా ఇద్దరి మధ్య నడిచిన మెయిల్ ఒకటి ఫార్వర్డ్ చేసింది. "కంప్యూటర్ మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కిస్తానంటున్నావు, నా మెయిల్స్ పోవు కదా?" అని అక్క అడిగితే కింద నా జవాబు, "పోవు అక్కా, గ్యారంటీ నాది." అదే చదువుతుంటే బావ వచ్చి నా భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగిచూసి, "అప్పుడు నీ గ్యారంటీ మీద నమ్మకం లేకే కదా బావా, నువ్వు వచ్చేలోపు నేను అవన్నీ డీ డ్రైవ్‌లో పెట్టింది" అని పళ్ళు తోముకోవడానికి వెళ్ళిపోయాడు.